బురుజు కిటికీకి బొంతలు

ఇప్పుడు పరదాలు కుట్టించుకునే పిల్లలు ఫోనులో బొమ్మ చూపించి ఇట్లాంటివే కావాలంటారు. బొమ్మలో ఎక్కడిదో గది ఉంటుంది. గదిలో మనిషి మాత్రం ఉండడు. నేను పని మానేసి చాలా కాలమైంది. అయినా మా వీధిలో ఇల్లు కట్టుకునేవాళ్లు ఓసారి వచ్చి నా దగ్గర కూర్చుని సలహా అడిగిపోతారు. ఆ గదిలో ఎవరు పడుకుంటారని నేను ముందుగా అడుగుతాను. రంగు సంగతి అడిగితే ఈ ముసలాయన మంచం సంగతి ఎత్తాడేమిటని నవ్వుకుంటారు. నవ్వే పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. వరంగల్‌లో మార్కెట్టుకు పోయే దారిలో ఒక దుకాణంలో పరదాలు, దిండ్ల గలీబులు, సోఫా గుడ్డలు కుట్టేవాణ్ణి. యజమానిని మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. కత్తెర ఆయన చేతిలో ఉండేది, మిషను నా కాళ్ల కింద ఉండేది. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి గ్రంథాలయం నన్ను పట్టుకుని నడిపించింది. పని వదలగానే నా సైకిలు అక్కడికే పోయేది. పేపర్లు, వారపత్రికలు అయ్యాక ఎవరూ ముట్టని బీరువాలు తెరిపించుకుని చదివేవాణ్ణి. గ్రహణాలు ఎట్లా పడతాయో, పట్టుపురుగు దారం ఎట్లా తీస్తుందో, దేశాల మధ్య సరిహద్దులు ఎవరు గీశారో, ఏది దొరికితే అది. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకునేవాణ్ణి. ఒకసారి ఇళ్ల అలంకరణ మీద బొమ్మల పుస్తకం దొరికింది. అందులో కిటికీల అధ్యాయాన్ని చలికాలమంతా కూర్చుని ఒక్కో మాటా విప్పుకున్నాను. దుకాణంలో నాకు 'లైబ్రరీ సార్' అని పేరు పెట్టారు. అది వెక్కిరింతేనని తెలుసు. అయినా విన్నప్పుడల్లా లోపల తీపిగా ఉండేది.

టీచరమ్మ ఇంటి పని నాకు ఆ పుస్తకం వల్లనే వచ్చింది.

టీచరమ్మ మిషన్ బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయిన ఆవిడ. ఆ చుట్టుపక్కల నడివయసు మగవాళ్లలో ఆవిడ చేత చెవి పిండించుకోనివాళ్లు తక్కువ. భర్త రైల్వేలో నక్షాలు గీసేవాడట. ఎక్కడో దొరల బంగళాలో చూసి ముచ్చటపడి తన ఇంటి ముందుగదికి అట్లాంటి కిటికీయే కట్టించాడు. అక్కడ గోడ తిన్నగా పోకుండా రోడ్డు వైపుకు పొడుచుకు వస్తుంది. ఎదురుగా ఒక పెద్ద అద్దాల పలక, అటూ ఇటూ ఏటవాలుగా రెండు చిన్న పలకలు. లోపల కుర్చీ వేసుకుని కూర్చుంటే రోడ్డు రెండు చివరలూ కనబడతాయి. ఆయన పోయాక ఆవిడ సాయంత్రాలన్నీ ఆ కుర్చీలోనే గడిచాయి. పుస్తకంలో దాన్ని బే విండో అన్నారు. మా వాళ్లు కోట బురుజును తలుచుకుని బురుజు కిటికీ అన్నారు.

ఆవిడ కోడలు దుకాణానికి వచ్చి ఆ కిటికీకి పరదాలు కావాలన్నప్పుడు ఉస్తాద్ నా వైపు చూశాడు. తెలిసింది చెప్పకుండా ఉండలేని వయసు నాది.

"బే అంటే ఇంగ్లీషుల అఖాతం ఉస్తాద్" అన్నాను.

"అఖాతానికి పరదా కడ్తవా బిడ్డా? కట్టు కట్టు. సముద్రం ఇంట్లకు రాకుంట కట్టు."

దుకాణమంతా నవ్వింది. కోడలు నవ్వలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"నవ్వులాట కాదన్నా" అంది నాతో. "మా అత్తమ్మకు మిగిలింది ఒక్కటే కన్ను."

ఆ రోజుల్లో శుక్లాల ఆపరేషన్ ఇప్పటిలా పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చే పని కాదు. కంటి మీద పెద్ద కోత కోసి కుట్లు వేసేవాళ్లు. రెండు కళ్లకూ పట్టీ కట్టి తల కదపకుండా పడుకోమనేవాళ్లు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు, వంగకూడదు. కుట్టు విడిపోతే కన్ను పోయినట్టే. కిందటి చలికాలం టీచరమ్మ ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని దవాఖాన నుంచి బాగానే ఇంటికొచ్చింది. వంటింటి పక్క గదిలో పడుకోబెట్టారు. ఒక మధ్యాహ్నం వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు చిటపటలాడింది. ఘాటు గదిలోకి పోయింది. ఆవిడ ఆపుకోలేక గట్టిగా తుమ్మింది. ఆ కన్ను మళ్లీ వెలుగు చూడలేదు.

"తాలింపు పెట్టింది నేనే" అంది కోడలు. "ఆమె నన్ను ఒక్కమాట అనలే. ఇప్పటికీ అనలే."

ఉస్తాద్ కత్తెర పక్కన పెట్టి మంచినీళ్లు తెప్పించాడు.

రెండో కంటికి ఆపరేషన్ దగ్గర పడుతోంది. ఈసారి వంటింటికి దూరంగా, ముందుగదిలో పడుకోబెట్టాలని నిర్ణయించుకున్నారు. ముందుగది అంటే ఆ కిటికీ ఉన్న గదే. దక్షిణపు ముఖం, చలికాలపు ఎండ మంచం దాకా వచ్చి పడుతుంది. రోజూ పట్టీ విప్పి చుక్కల మందు వేయాలి, గది చీకటిగా ఉండాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడట. కొడుకు ఉద్యోగం దూరంగా రైలు స్టేషన్లలో. ఇంట్లో ఆ ఇద్దరు ఆడవాళ్లే.

గుడ్డ ముక్కలు సంచిలో వేసుకుని నేను ఇంటికి వెళ్లాను. టీచరమ్మ ఆ కిటికీ గూట్లో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఒక కన్ను కుంచించుకుపోయింది, రెండో దాని మీద పాలపొర. నా అడుగుల చప్పుడు విని అడిగింది.

"ఎవడు నువ్వు? నా దగ్గర చదివినవా?"

"లేదమ్మా. నేను సర్కారు బడి."

"అందుకే మాట గొంతుల్నే ఆగిపోతాంది. గట్టిగ చెప్పు, ఏం తెచ్చినవ్?"

వెదురు తెరలు ఎందుకు పనికిరావో చెప్పాను. పుల్లల సందుల నుంచి వెలుగు గీతలుగా పడుతుంది. వట్టివేళ్ల తడకలు వేసవికి బాగుంటాయి గాని పొట్టు రాలుతుంది. అందరూ కట్టుకునే స్ప్రింగు తీగ ఈ కిటికీకి కుదరదు. తీగ మూల తిరగదు గనక మూడు పలకలకు మూడు తీగలు కట్టాలి, అప్పుడు రెండు మూలల్లోనూ సందు మిగిలి ఎండ కత్తిలా లోపలికి వస్తుంది. పుస్తకంలో చూపినట్టు ఇనుప గొట్టాన్ని కిటికీ వంపు ప్రకారం వంచి, పరదాను మూలల మీదుగా ఒకే వరసగా నడపాలి. గుడ్డకు లోపల ఇంకో పొర వేయాలి. ఇదంతా గబగబా చెప్పేశాను.

"పుస్తకం చదివినవా?" అంది ఆవిడ, గొంతు కొంచెం మెత్తబడి.

"చదివినమ్మా."

"మంచిది. ముక్కలియ్యి."

ఒక్కో ముక్కనూ వేళ్ల మధ్య నలిపి చూసింది. ఇది పల్చన, ఇది గోనె తీరుగున్నది, ఇది నీళ్లు తగిలితే ముడుచుకుపోతది. చివరికి ఒక దళసరి గుడ్డ దగ్గర వేళ్లు ఆగాయి. మఖమలు కాదు గాని ముట్టుకుంటే అట్లాంటి నునుపు.

"రంగు?"

"ముదురు ఆకుపచ్చ అత్తమ్మా" అంది కోడలు.

"ఇదే. ఆయన కట్టిచ్చిన కిటికీ అది. దానికి పాత దుప్పట్లు, చీరె ముక్కలు కట్టొద్దు. రోడ్డు మీద పోయేటోడు నిలబడి చూడాలె."

"వాళ్లు చూసుడు కాదత్తమ్మా, నీ కన్ను..."

"నా కన్ను దేవుడు చూసుకుంటడు. పరదా నువ్వు చూసుకో."

పని మొదలైంది. గొట్టం వంచడానికే తల ప్రాణం తోకకు వచ్చింది. వెల్డింగు షాపువాడు మొదటిసారి వంచింది ఎద్దు కొమ్ములా వచ్చింది. గొట్టం మీద నుంచి వెలుగు పడకుండా పైన చెక్క కొట్టించాను. గుడ్డకు నల్లటి లోపలి పొర వేసి కుట్టాను. దవాఖానలో ఆపరేషన్ బాగా జరిగిందని కబురు వచ్చింది. మర్నాడు ఇంటికి తెస్తారనగా పరదాలు కట్టడానికి ఉస్తాద్, నేను వెళ్లాం. పెద్ద పనులకు తప్ప ఆయన దుకాణం మెట్లు దిగేవాడు కాదు.

కట్టాం. తలుపు మూశాం. పట్టపగలు గదిలో నా చెయ్యి నాకు కనబడలేదు. మూలల్లో సూది మొనంత వెలుగు కూడా లేదు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు నిజంగానే ఆగి చూశారు. ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. పరదా కట్టాక మడతలు తిన్నగా పడడానికి అరచేత్తో గుడ్డను టపటపా కొట్టడం ఆయన అలవాటు. కొట్టాడు.

కోడలు తుమ్మింది.

ఇంకోసారి తుమ్మింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్లనిండా నీళ్లతో మా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

"ఘాటు" అంది. "మిరప ఘాటు అన్నా."

"ఏడున్నది ఘాటు?" అన్నాడు ఉస్తాద్. పరదాను ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాడు. "నాకేం రాలే." నేనూ పీల్చాను. కొత్త గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మా దుకాణం మీది అటక ఒక మిర్చి వ్యాపారి గోదాము. మిరప సీజనులో ఆ రోడ్డు రోడ్డంతా ఎర్రగా ఉంటుంది. బస్తాలు పైకి ఎక్కించినప్పుడూ దించినప్పుడూ పలకల సందుల్లోంచి సన్నటి దుమ్ము మా గుడ్డల మీద పడుతూనే ఉండేది. కొత్తగా వచ్చిన గిరాకీ తుమ్మితే బేరం కుదిరినట్టేనని ఉస్తాద్ హాస్యమాడేవాడు. మేము మాత్రం తుమ్మడం ఎప్పుడో మానేశాం. మా ముక్కులు చచ్చిపోయి ఉన్నాయి. ఆ దళసరి గుడ్డ చుట్ట ఎన్నాళ్లుగా ఆ అటక కింద పడి ఉందో, దాని నూగులో ఎంత ఘాటు దాగి ఉందో మాకు తెలిసే దారే లేదు. నేను చూపించిన ముక్కలు మూత డబ్బాలో ఉండేవి, కోడలు దుకాణానికి వచ్చిననాటికి మిరప సీజను ఇంకా మొదలుకాలేదు. కోడలేమో తాలింపు మానేసి ఏడాది అయింది. ఆ ఇంట్లో అంతకాలమూ ఉడకబెట్టిన కూరలే. ఆమె ముక్కు పసిపిల్ల ముక్కులా ఉంది.

"దులిపి మళ్ల కడ్దాం" అన్నాడు ఉస్తాద్.

"ఈ గదిలనా? దులుపుతే ఇంకా లేస్తది" అన్నాను.

"ఉతుకుదాం."

చలికాలంలో రెండు పొరల దళసరి గుడ్డ తెల్లారేసరికి ఎట్లా ఆరుతుంది? తడి పరదాలు కడితే ఆవిడకు జలుబు చేస్తుంది. వేరే గుడ్డ తెద్దామంటే మా దుకాణంలోదంతా అదే అటక కిందిది. పక్క దుకాణాలూ అదే రోడ్డు మీదివి. ఏ గుడ్డ మంచిదో చెప్పడానికి మా ముక్కులను నమ్మే పరిస్థితి లేదు. నేను చదివిన పుస్తకాలన్నిటినీ మనసులో తిరగేశాను. వెలుగును ఆపే సంగతి పేజీల కొద్దీ ఉంది. ఘాటు సంగతి ఒక్క వాక్యమైనా లేదు. ఆ పుస్తకం రాసినవాడు మిరపకాయల మార్కెట్టు చూసి ఉండడు.

పరదాలు మెల్లగా దించి బయటకు చేరవేశాం. కోడలు గదంతా తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగి, లేచి లోపలికి పోయింది. చేతులనిండా బొంతలు తెచ్చి మంచం మీద వేసింది.

బొంత అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా చేతికుట్టు వేసి చేసే దుప్పటి. అందరి ఇళ్లలోనూ ఉంటుంది, అందరూ కప్పుకుంటారు. కానీ రోడ్డుకు కనబడేలా ఎవరూ పెట్టరు. చుట్టాలొస్తే మడిచి లోపల దాచేస్తారు.

ఉస్తాద్ రెండడుగులు వెనక్కి వేశాడు. "బొంతలా? ఆ కిటికీకా? నా దుకాణం పని ఇదని ఊరంతా చూస్తది చెల్లె. ఇజ్జత్ ఏం కావాలె?"

"చూడనియ్యుండ్రి."

"మీ అత్తమ్మ ఒద్దన్నదే ఇది గదా!"

"ఆమె తిడ్తే నేను పడ్త" అంది కోడలు. "కన్ను పోతే ఎవలు పడ్తరు చెప్పు?"

నేను ఒక బొంత అంచు పట్టి పొరలు వేళ్లతో లెక్కబెట్టబోయి మానేశాను. మా నల్ల పొర కంటే మందంగా ఉంది. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి నూగు, గంజి, రంగు, అన్నీ పోయిన గుడ్డ. దాన్నుంచి రాలడానికి ఇంకేమీ లేదు. "ఆగుతది ఉస్తాద్, వెలుగు ఆగుతది" అన్నాను.

కోడలు ఒక్కో బొంతలో ముఖం పూర్తిగా దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. పీల్చినప్పుడల్లా ఆమె తల ఎత్తేదాకా మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. మొదటిది, ఏమీ లేదు. తరువాతిది, ఏమీ లేదు. ఒకదానికి కలరా ఉండల వాసన ఉందని పక్కన పడేసింది. మిగిలినవి సరిపోతాయి. నేను సూది తీసుకుని రింగులు కుట్టడానికి కూర్చోబోయాను.

"ఆగన్నా" అంది ఆమె. "నీ అంగీ."

అవును. గుడ్డలకు పట్టిన ఘాటు మాకు పట్టకుండా ఉంటుందా?

చలికాలపు మునిమాపు, బావి దగ్గర, చన్నీళ్లు. ఉస్తాద్ చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకున్నప్పుడల్లా నన్నూ, నా లైబ్రరీనీ, అఖాతాలనూ పేరు పేరునా తిట్టాడు. కోడలు ఇద్దరికీ తన భర్త అంగీలు ఇచ్చింది. ఉస్తాద్ బొర్రకు రైల్వే అంగీ గుండీలు పట్టలేదు. అట్లాగే కూర్చుని, నన్ను తిడుతూనే, నా చేతిలోంచి పెద్ద సూది లాక్కుని రింగులు కుట్టాడు. ఆ మందంలోంచి సూది దిగడం కష్టం. ముగ్గురి వేళ్లూ పొడుచుకున్నాయి. బొంతలను మూలల దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి కట్టాం. చీకటి అంతే చిక్కగా వచ్చింది. అందం సంగతి ఎవరూ మాట్లాడలేదు.

తెల్లారి ఆవిడను రిక్షాలో తీసుకొస్తారు. వచ్చే దారి మా దుకాణం ముందు రోడ్డే. మిరప బండ్లు వచ్చేదీ ఆ రోడ్డే. ఆ పొద్దున దుకాణం తెరవకుండా ఉస్తాద్, నేను రోడ్డు మధ్యలో నిలబడి బండ్లను ఆపడం మొదలుపెట్టాం.

"ఏందే, మంత్రి వస్తాండా?" అని ఒక బండి మనిషి లేచి నిలబడ్డాడు. "మార్కెట్ల నా వేలం పాట ఎల్లిపోతది, జరుగుండ్రి."

"మంత్రి కాదు, టీచరమ్మ. కంటి ఆపరేషన్ అయింది. తుమ్మితే కన్ను పోతది."

"మిషన్ బడి టీచరమ్మనా? నా చెవి గుంజి గుంజి ఒకటి పొడుగు చేసింది, చూడు." నిజంగానే చెవి చూపించాడు. తరువాత వెనకకు తిరిగి కేక వేశాడు. "అరేయ్, ఆగుండ్రి! బస్తాల మీద తడి గోనెలు కప్పుండ్రి!"

రిక్షా మనిషి నడక కంటే నెమ్మదిగా వచ్చింది. టీచరమ్మ తల వెనక్కి వాల్చి, రెండు కళ్లకూ తెల్లటి పట్టీతో, ముక్కు మీద తడిగుడ్డతో ఉంది. కోడలు పక్కన నడుస్తూ ఒక చేత్తో ఆమె తల కదలకుండా పట్టుకుంది. ఎడ్ల మెడల్లో గంటలు తప్ప రోడ్డు మీద చప్పుడు లేదు. ఇంట్లోకి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టాక ఆవిడ అడిగింది.

"పరదాలు కట్టిండ్రా?"

"కట్టిండ్రత్తమ్మా."

"పచ్చయేనా?"

కోడలు నా వైపు చూసింది. ఏడవకూడదు, కోపం రాకూడదు అని డాక్టరు చెప్పిన సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"పచ్చయే" అంది కోడలు.

ఆ రోజు నుంచి భయం రెండింతలైంది. కన్ను ఏమవుతుందోనని ఒకటి, ఆవిడకు తెలిస్తే ఏమవుతుందోనని ఇంకొకటి. రోజూ పొద్దున ఆవిడ పరదాల సంగతి అడిగేదట. ఎండకు రంగు పోతలేదు గదా? మడతలు మంచిగ పడ్డయా? ఎవలన్న చూస్తాండ్రా? కోడలు రోజూ కొత్త అబద్ధం కుట్టేది. చూసేవాళ్లు మాత్రం నిజంగానే ఉన్నారు. దుకాణానికి వచ్చి మరీ అడిగేవాళ్లు. "ఏం ఉస్తాద్, బొంతల దుకాణం పెట్టినవట?" "కొత్త ఫ్యాషనా? మా ఇంటికి గూడ కడ్తవా?" ఉస్తాద్ మొదట్లో ముఖం ముడుచుకునేవాడు. తరువాత "దానికి లైబ్రరీ చదువు కావాలె. మీకు అర్థం కాదు" అని నా మీదికి తోసేవాడు. కానీ సాయంత్రం దుకాణం మూస్తూ ప్రతిరోజూ మెల్లగా నన్నే అడిగేవాడు. "తుమ్మలే గదా?"

నేను రోజూ గ్రంథాలయానికి పోయే దారి మార్చుకుని ఆ ఇంటి ముందు నుంచి పోయేవాణ్ణి. లోపలికి వెళ్లేవాణ్ణి కాదు. కోడలు గుమ్మంలోకి వచ్చి తల అడ్డంగా ఊపేది. తుమ్ము లేదు అని. ఒకరోజు ఆమె రావడం ఆలస్యమైంది. నేను గేటు తీసి లోపలికి అడుగు వేసేసరికి బయటికి వచ్చింది. ఆమె చేతిలో పిండి ఉంది. రొట్టెలు చేస్తోందట.

ఆకుపచ్చ పరదాలను ఉతికాం, ఆరేశాం, మళ్లీ ఉతికాం. కోడలి ముక్కు ఒప్పుకునేదాకా ఉతికాం. పట్టీ పూర్తిగా తీసేసే రోజున దవాఖాన కాంపౌండరు రాకముందే బొంతలు దించి వాటిని కట్టేయాలని మా ఏర్పాటు. ఆవిడ కళ్లు తెరిచేసరికి ఆకుపచ్చ పరదాలే కనబడాలి, అబద్ధాలన్నీ నిజమైపోవాలి.

ఆ రోజు నేను పరదాలు భుజాన వేసుకుని వెళ్లేసరికి కాంపౌండరు సైకిలు అప్పటికే గేటు దగ్గర ఉంది. లోపలికి పోయాను. తలుపు సగం తెరిచి పెట్టిన వెలుగులో ఆయన మంచం పక్కన కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. కోడలు మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. నన్ను చూసి, కిటికీ చూసి, ఇక చేసేదేమీ లేదన్నట్టు కళ్లు మూసుకుంది.

ఆయన పట్టీ విప్పాడు. దూదితో రెప్పలు తుడిచాడు. "మెల్లగ తెరువుండ్రి అమ్మా. తొందర లేదు" అన్నాడు.

ఆవిడ తెరిచింది. పాలపొర లేదు. కన్ను నల్లగా, తడిగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"ఏం కనబడ్తాంది?"

కోడలి వేళ్లు మంచం కోడు మీద తెల్లబడ్డాయి. కాంపౌండరు నవ్వు ముఖం పెట్టుకునే ఉన్నాడు గాని నవ్వు గట్టిపడిపోయింది.

"మసక" అంది ఆవిడ చివరికి. "అంతా మసకనే."

ఆయన సంచిలోంచి సీసా అడుగులాంటి మందపు అద్దాలు తీసి ఆమె చెవులకు తగిలించాడు. ముక్కు మీద కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి జరిపాడు. ఆవిడ తల తిప్పలేదు. ఎదురుగా ఉన్నది కిటికీయే. అటే చూస్తూ ఉండిపోయింది. భుజం మీది పరదాలు బరువెక్కుతున్నా దించడానికి నాకు ధైర్యం రాలేదు.

"ఏందవి?" అంది.

కాంపౌండరు వెనక్కి తిరిగి కిటికీ చూశాడు.

"బొంతలా? నా కిటికీకి బొంతలు కట్టిండ్రా? రోడ్డు మీదికి!" గొంతు బడిలోలా లేచింది. "నడిమిదాని అంచు ఊడి ఏలాడ్తాంది. ఎవడు కుట్టిండు దాన్ని?"

"నేనేనమ్మా" అన్నాను.

"కుట్టు వచ్చా నీకు? పుస్తకాలు చదువుడేనా?"

నేల మీద కోడలు మోకాళ్లలో ముఖం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఆమె ముంగట ఏడ్వకమ్మా, ఆమె గూడ ఏడుస్తది" అని కాంపౌండరు గాభరాపడ్డాడు.

నేను పచ్చ పరదాలు కుర్చీలో పడేసి బొంతలు దించడానికి స్టూలు జరిపాను. కాంపౌండరు వద్దన్నాడు. వెలుగు ఇంకా కొన్నాళ్లు పడకూడదు, ఏదీ కదపొద్దు, దుమ్ము లేపొద్దు అన్నాడు. అంటే ఆవిడ ఇకనుంచి ఆ బొంతలను రోజూ కళ్లారా చూస్తూ పడుకోవాలి.

"అయితే ఆ అంచన్న కుట్టు" అంది టీచరమ్మ. "నేను చూస్త."

సూది దారం తీసుకుని స్టూలు ఎక్కాను. మంచం మీది నుంచి ఆజ్ఞలు వస్తున్నాయి. ఎడమకు. ఇంకొంచెం. ఆఁ, గక్కడ. కోడలు ముఖం తుడుచుకుని దారపు ఉండ అందించే నెపంతో నా దగ్గరికి వచ్చింది. ఆవిడకు వినబడకుండా గుసగుసగా అంది.

"అన్నా, ఒక్క కుట్టు వంకర వెయ్యవా."

నేను వెనక్కి తిరగకుండా సూదిని ఏటవాలుగా దింపాను.

"వంకర పోతాంది" అంది టీచరమ్మ మంచం మీది నుంచి. "ఇప్పు. మళ్ల కుట్టు."

విప్పాను. మళ్లీ కుట్టాను.